దురద కోడికి, మందు గూటికి

పెరటి కోళ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటి సారం ఒకటే: "కోడి ఈకలు పీక్కుంటోంది, ఏం పూయమంటారు?" పూయడానికి ముందు చూడాల్సింది చాలా ఉంది కాబట్టి కొన్ని జవాబులు కాస్త పొడుగయ్యాయి.

ప్రశ్న: నాలుగు గ్రామప్రియ పెట్టలు, రెండు నాటు పెట్టలు పెంచుతున్నాం. నెల రోజులుగా సాయంత్రమైతే గూట్లోకి పోనంటున్నాయి, జామచెట్టెక్కి కూర్చుంటున్నాయి. గుడ్లు తగ్గాయి, తలమీది ఎర్రజుట్టు పాలిపోయింది. పేలేమోనని వారానికోసారి షాంపూతో స్నానం చేయిస్తున్నాం, పేల పొడి కూడా చల్లాం. ఈకల్లో వెతికితే ఏమీ కనబడవు. గుడ్లు తీసేటప్పుడు నా చేతులు కూడా దురద పెడుతున్నాయి. (పాఠకురాలు, తణుకు)

రోగమేమిటో మీ ఉత్తరంలో చివరి వాక్యమే చెబుతోంది. అవి పేలు కావు, రాత్రిపూట రక్తం తాగే ఎర్ర నల్లులు. పగలు కోడి మీద ఉండవు. అందుకే ఈకల్లో ఎంత వెతికినా కనబడవు. వాటి కాపురం గూట్లో: కోళ్లు కూర్చునే కర్ర గోడకు ఆనే చోట, చెక్కల సందుల్లో, గుడ్లు పెట్టే బుట్ట అల్లికలో. చీకటి పడ్డాక బయటికొచ్చి కోడి నిద్రలో ఉండగా తాగి, తెల్లారేలోపు మళ్లీ సందుల్లో దూరతాయి. జుట్టు పాలిపోయింది రక్తం తగ్గే. గూట్లోకి పోనిది పొగరుతో కాదు.

ఈ రాత్రే చూడండి. చీకటి పడిన రెండు గంటలకు టార్చి తీసుకుని వెళ్లి, కోళ్లు కూర్చున్న కర్ర అడుగు భాగాన్ని తెల్ల గుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డ మీద ఎర్రటి మరకలు పడితే అనుమానం తీరినట్టే. రక్తం తాగినవి ఆవగింజలో సగం కూడా ఉండవు, ఎర్రగా ఉంటాయి. తాగనివి బూడిద రంగు. పగలైతే కర్ర కొసల దగ్గర బూడిద చల్లినట్టు సన్నని పొడి కనబడుతుంది. అది వాటి రెట్ట, వదిలేసిన పొర.

మీరు కోళ్లకు ఎన్ని స్నానాలు చేయించినా గూట్లో ఉన్న సంత అలాగే ఉంటుంది. పని గూటి దగ్గర మొదలుపెట్టాలి.

ఉదయాన్నే కోళ్లను బయటికి వదిలి, గూట్లో వేసిన ఊక, గడ్డి మొత్తం తీసి తగలబెట్టండి. పెంటకుప్ప మీద వేస్తే మళ్లీ నడిచొస్తాయి. కర్రలు, బుట్టలు ఊడదీసి సలసల కాగే నీళ్లు సందుల్లోకి పోయండి. పైపైన చల్లితే చాలదు, సందులోకే పోవాలి. గూడు ఆరాక డెల్టామెత్రిన్ మందు కొట్టాలి. పశువుల మందుల షాపుల్లో మిల్లీలీటరుకు 12.5 మి.గ్రా. ఉన్న సీసా దొరుకుతుంది. సీసా మీద రాసిన పాళ్లలో నీటిలో కలిపి పగుళ్లలోకి కొట్టండి. పూర్తిగా ఆరేదాకా, అంటే కనీసం ఆ సాయంత్రం వరకూ, కోళ్లను రానివ్వకండి. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మీది గోదావరి జిల్లా కాబట్టి ఒక మాట ప్రత్యేకంగా: ఈ మందు చేపలకు, రొయ్యలకు విషం. మిగిలింది కాల్వలోనో చెరువులోనో పారబోయకండి. ఇంట్లో పిల్లి ఉంటే తడి గూటి దగ్గరికి దాన్నీ రానివ్వొద్దు.

ఒక్కసారితో పని అయిపోదు. మందుకు గుడ్లు చావవు. మన ఎండలకు వారం తిరిగేసరికి కొత్త తరం తయారవుతుంది. అందుకే ఏడు రోజులకోసారి, మొత్తం మూడుసార్లు కొట్టాలి. "ఒకసారి కొట్టాం, పది రోజులు బాగుండి మళ్లీ వచ్చాయి" అనేవాళ్లంతా రెండోసారి మానేసినవాళ్లే. తరవాత పగుళ్లు మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి, చిక్కటి సున్నం వేయండి. గూడు ఖాళీగా ఉంచితే అవే చస్తాయనుకోకండి, తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవు. కర్ర కొసలు గోడకు ఆనకుండా, కింద నూనె పోసిన చిన్న డబ్బాల్లో కాళ్లు పెట్టి నిలబెడితే ఎక్కే దారి తెగుతుంది. చీమలు పట్టకుండా పాలగిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే. పాతకాలంలో గూట్లో వావిలాకు రెమ్మలు వేసేవారు. వేయండి, తప్పులేదు, కానీ ఇంత ముదిరాక ఆకు ఒక్కటే ఆపలేదు.

ఇటుక గూళ్లలో ఇంకొకటి ఉంటుంది, గోమారి. చింతగింజకన్నా చిన్నది, బల్లపరుపుగా, బూడిద రంగులో ఉంటుంది. ఇది కరిచిన చోట చర్మం మీద ముదురు నీలి మచ్చ పడుతుంది. కాళ్లు పడిపోయి పక్కకు ఒరిగే కోళ్లకు ముందు రెక్కల కింద ఈ మచ్చలే వెతకాలి. గూటికి చేసే పని ఇదే. కానీ కోడి కాళ్లు పడిపోతే పశువైద్యుడి దగ్గరికే.

షాంపూ ఆపేయండి. ఈకల మీది సహజమైన జిడ్డు పోయి చర్మం ఇంకా పొడిబారుతుంది.

ప్రశ్న: మరి నిజంగా పేలే అయితే? గమాక్సిన్ పొడి మంచిదంటున్నారు. సీతాఫలం గింజల పొడి వాడొచ్చా? (పాఠకుడు, నల్గొండ)

పేనుకూ నల్లికీ తేడా ఇదీ: పేను పుట్టేదీ పెరిగేదీ చచ్చేదీ కోడి మీదే. కోడిని వెల్లకిలా ఒళ్లో పడుకోబెట్టి ముడ్డి చుట్టూ ఈకలు విడదీస్తే, గడ్డి రంగులో రెండు మూడు మిల్లీమీటర్ల పురుగులు వెలుతురు పడగానే పరుగెడతాయి. ఈక మొదట్లో తెల్లగా సున్నం ముద్ద అంటుకున్నట్టు ఉండేవి వాటి గుడ్లు. అక్కడే ఈకలు మసి పూసినట్టు నల్లబడి జిడ్డుగా ఉంటే అది ఇంకో రకం నల్లి. అదీ కోడి మీదే ఉంటుంది. ఈ రెండింటికీ మందు కోడికే వేయాలి.

కోళ్లకని రాసి ఉన్న పర్మెత్రిన్ పొడి తీసుకుని ముడ్డి చుట్టూ, రెక్కల కింద, మెడ వెనక ఈకల మొదళ్లకు తగిలేలా రుద్దండి. పైనుంచి చల్లితే ఈకలే తెల్లబడతాయి. కళ్లకు, ముక్కుకు తగలనివ్వకండి. పది రోజులకు రెండోసారి తప్పనిసరి, ఎందుకంటే మొదటిసారి బతికిన గుడ్లు ఆ లోపు పొదుగుతాయి. గుడ్ల ముద్దలు ఎక్కువుంటే ఆ ఈకలను మొదలు దాకా కత్తిరించి కాల్చేయండి. పీకొద్దు.

గమాక్సిన్ అంటే బిహెచ్‌సి అనే పాత పురుగుమందు. 1997లోనే మన దేశంలో నిషేధించారు. కొవ్వులో పేరుకుపోయే విషం అది, గుడ్డు సొనలోకి వస్తుంది. ఎవరింట్లోనైనా పాత డబ్బా ఉంటే అటకమీద నుంచి కిందికి కూడా దించకండి, కోళ్ల సంగతి తరవాత. సీతాఫలం గింజల పొడికి పేలు చస్తాయి, నిజమే. కానీ ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పొర దెబ్బతింటుంది, కోడికైనా మీకైనా. రెక్కలు విదిలించే జంతువు మీద కంటికి చేటు చేసే పొడి చల్లడం తెలివైన పని కాదు.

దీనికి బదులు బూడిద గుంట పెట్టండి. రెండడుగుల వెడల్పు, అడుగు లోతు తొట్టి. అందులో రెండు పాళ్లు పొడి ఇసుక, ఒక పాలు జల్లించిన కట్టెల బూడిద. బొగ్గు బూడిద, చెత్త తగలబెట్టిన బూడిద పనికిరావు. వాన పడని చోట ఉండాలి. తడిసిన బూడిద క్షారమై చర్మాన్ని కాలుస్తుంది. కోడి అందులో పొర్లి తన పేల పని తానే చాలావరకు చూసుకుంటుంది.

ప్రశ్న: మా పుంజు కాళ్లు గరుకుగా, తెల్లగా, పొలుసులు లేచి చెట్టు బెరడులా తయారయ్యాయి. కిరోసిన్ రాశాం. పుండు పడింది. పశువుల ఇంజక్షన్ ఒక చుక్క వేస్తే పోతుందని చెప్పారు. (పాఠకుడు, సిద్దిపేట)

పొలుసుల కింద సొరంగాలు తవ్వి బతికే కంటికి కనబడని పురుగు పని ఇది. అది వదిలే పొట్టు పేరుకుని పొలుసును పైకి లేపుతుంది. ముసలి కోళ్లకు, ఒకే కర్ర మీద ఒరుసుకుని పడుకునేవాటికి ఎక్కువ. వదిలేస్తే వేళ్లు వంకర్లు పోయి ఊడిపోతాయి కూడా.

కిరోసిన్ ఊరూరా వాడే మందే కానీ చర్మాన్ని కాలుస్తుంది. పైగా కోడి ముక్కుతో కాళ్లు గీరుకుంటూ కొంత మింగుతుంది. పురుగును చంపాల్సింది ఘాటు కాదు, ఊపిరాడకుండా చేయడం. దానికి జిడ్డు చాలు.

పుండు మానే దాకా దాని మీద పోవిడోన్ అయోడిన్ మాత్రమే రాయండి. మానాక గోరువెచ్చని నీళ్లలో కొంచెం స్నానం సబ్బు కరిగించి కాళ్లను పది పదిహేను నిమిషాలు నానబెట్టండి. పుంజును తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకుంటే గోల చేయదు. మెత్తని పాత టూత్‌బ్రష్‌తో పొలుసు వాలిన దిక్కుకే, పైనుంచి వేళ్ల వైపు, తోమండి. ఎదురు తోమితే పొలుసు లేచి రక్తం వస్తుంది. ఊడొచ్చేది ఊడొస్తుంది, అంటుకున్నది గోటితో గిల్లకండి. బాగా తుడిచి ఆరాక వాజలిన్‌ను మందంగా, పొలుసుల సందుల్లోకి దిగేలా మోకాలి నుంచి వేళ్ల దాకా పట్టించండి. వాజలిన్ లేకపోతే పది చెంచాల కొబ్బరి నూనెలో ఒక చెంచా వేపనూనె కలిపి వాడొచ్చు, కానీ నూనె తొందరగా తుడుచుకుపోతుంది. రెండు మూడు రోజులకోసారి, కనీసం నాలుగు వారాలు. మొదటి వారంలో తేడా ఏమీ కనబడదు, ఆపేయకండి. దురద ముందు తగ్గుతుంది. కాళ్లు నున్నబడటానికి పాత పొలుసు రాలి కొత్తది రావాలి, అందుకు నెలలు పడుతుంది. మిగతా కోళ్లకూ ఇదే చేయాలి, కాళ్లు బాగున్నట్టు కనబడినా.

ఇంజక్షన్ సంగతి. మీకు చెప్పింది ఐవర్‌మెక్టిన్ అయి ఉంటుంది. పశువులకు వాడేది మిల్లీలీటరుకు 10 మి.గ్రా. కోడికి సాధారణంగా లెక్కగట్టే మోతాదు కిలో బరువుకు 0.2 మి.గ్రా. కిలోన్నర పుంజుకు 0.3 మి.గ్రా. కావాలి, అంటే 0.03 మి.లీ. ఒక చుక్క సుమారు 0.05 మి.లీ. ఉంటుంది. "ఒక్క చుక్కే కదా" అన్నది అక్కడికే మోతాదు మించింది. దీన్ని పశువైద్యుడు తగిన పాళ్లలో పలచన చేసి వేయాలి తప్ప ఇంట్లో వేసేది కాదు.

ప్రశ్న: మా కోళ్లకు అమ్మవారు పోసింది. జుట్టు మీద, కళ్ల చుట్టూ నల్లటి పొక్కులు. ఒకదానికి కన్ను మూసుకుపోయింది. పొక్కులు గిల్లి ఉప్పు రాయమన్నారు. మా చిన్నపిల్లలకు అంటుతుందా? (పాఠకురాలు, కాకినాడ)

పిల్లలకు అంటదు. కోళ్ల మశూచి వైరస్ వేరు, పిల్లలకు వచ్చే ఆటలమ్మ వేరు. పేరొక్కటే కలిసింది.

పొక్కులు గిల్లకండి. గిల్లితే కింద పచ్చి పుండై చీము పడుతుంది, రాలిన చెక్కులో వైరస్ నెలల తరబడి బతికి మిగతా కోళ్లకు చేరుతుంది. ఉప్పు రాయడం ఉత్త హింస. పొక్కు మూడు నాలుగు వారాల్లో తానే ఎండి రాలుతుంది. అంతవరకు మన పని మూడు విషయాలు: చీము పట్టకుండా చూడటం, కన్ను కాపాడటం, తిండి లోపలికి పోయేలా చూడటం.

చెంచా పసుపును మూడు చెంచాల కొబ్బరి నూనెలో కలిపి దూదితో పొక్కుల మీద రోజుకోసారి అద్దండి, కంటి రెప్పలకు తగలకుండా. కంటికి వేరే నీళ్లు: అరలీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చదును టీ చెంచా ఉప్పు. దూది ముంచి రెప్పల మీద రెండు నిమిషాలు ఉంచితే అంటుకున్నది మెత్తబడి విడుతుంది. బలవంతంగా తెరవకండి. రోజుకు రెండుసార్లు, ప్రతి కంటికీ కొత్త దూది. కన్ను మూతబడిన కోడికి మేత కనబడదు. చాలా కోళ్లు పొక్కులతో కాదు, ఆకలితో చస్తాయి. దాన్ని విడిగా గంప కింద పెట్టి, మెత్తగా ఉడికిన నూకల్లో సన్నగా తరిగిన మునగాకు కలిపి, గిన్నె ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టండి. తింటోందో లేదో గొంతు కింది సంచి తడిమి చూసుకోండి.

నోరు తెరిచి చూడటం మాత్రం మరవొద్దు. నాలుక మీద, గొంతులో పసుపుపచ్చటి పొర కట్టి, ఊపిరికి ఎగబోస్తుంటే అది తడి మశూచి. ఇంటి వైద్యానికి లొంగదు.

దీన్ని మోసేది ఎక్కువగా దోమ. గూటికి దోమతెర కట్టండి, చుట్టుపక్కల నీళ్లు నిలవనివ్వకండి. టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో రెక్క పొరకు సూదితో పొడిచి వేస్తారు. వారం పది రోజులకు అక్కడ చిన్న గడ్డ కడితే టీకా పట్టినట్టు, లేకపోతే మళ్లీ వేయించాలి. మీ మందలో ఒకటి రెండింటికే వచ్చి ఉంటే మిగతావాటికి ఇప్పుడే వేయించినా మేలే.

ప్రశ్న: హైదరాబాద్‌లో డాబా మీద మూడు కోళ్లు పెంచుతున్నాం. ఒకటి కుంటుతోంది. అరికాలు ఉబ్బి మధ్యలో నల్లటి మచ్చ ఉంది. పిండితే చీము రావడం లేదు. (పాఠకుడు, హైదరాబాద్)

రాదు. కోడి చీము మనుషుల చీములా కారదు, జున్నులా గట్టిపడుతుంది. పిండితే లోపలికే, ఎముక వైపు పోతుంది. ఆ నల్లమచ్చ సూక్ష్మజీవి లోపలికి వెళ్లిన గాయం తాలూకు బిరడా.

వాపు శనగగింజంత ఉండి, కోడి తింటూ తిరుగుతుంటే ఇంట్లో చూసుకోవచ్చు. లీటరు గోరువెచ్చని నీటికి పెద్ద చెంచా ఎప్సమ్ సాల్ట్ కలిపి రోజూ ఇరవై నిమిషాలు కాలు నానబెట్టండి. తుడిచి, పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంట్ రాసి, నాలుగు మడతల గాజ్ (పుండ్ల మీద వేసే పలచని నూలు) గుడ్డ పెట్టి, పలచని బ్యాండేజీని వేళ్ల మధ్యగా అడ్డంగా నిలువుగా తిప్పి కట్టండి. వేళ్లు చల్లబడినా ఉబ్బినా కట్టు బిగిసినట్టే, వెంటనే విప్పండి. కట్టు రోజూ మార్చాలి. ఆ సూక్ష్మజీవి మనుషుల గాయాల్లోనూ చీము పట్టిస్తుంది, తొడుగులు వేసుకోండి. వారంలో తగ్గకపోయినా, వాపు వేళ్లకో పైకో పాకినా పశువైద్యుడు కోసి ఆ గడ్డ తీయాలి. వీడియోలు చూసి బ్లేడు పట్టుకోకండి. అరికాలిలో నరాలు, రక్తనాళాలు ఎక్కడున్నాయో వీడియోలో కనబడదు.

కారణం మీ డాబాలోనే ఉంది. గట్టి సిమెంటు నేల, పిట్టగోడ మీదినుంచి దూకడం, ఇంట్లో మిగిలిన అన్నం తిని పెరిగిన బరువు. కూర్చునే కర్ర అడుగున్నర, రెండడుగుల ఎత్తు మించకూడదు. నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పుతో, అంచులు అరగదీసి ఉండాలి. ఇనుప పైపు వద్దు. కింద మూడంగుళాల వరి ఊక పరిచి, తడిసినప్పుడల్లా మార్చండి.

ప్రశ్న: వీపు మీద ఈకలు లేవు. రోగమా? (పాఠకురాలు, అనంతపురం)

వీపొక్కటే బోడిగా ఉండి చర్మం శుభ్రంగా ఉంటే పుంజు ఎక్కి ఎక్కి ఊడినవి. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. తల, మెడతో మొదలై వెనక్కి పోతూ ఊడి, ముళ్లలా కొత్త ఈకలు పొడుచుకొస్తుంటే ఏటా రాల్చేదే. రెండు మూడు నెలలు గుడ్లు ఆగుతాయి. ఆ సమయంలో ఉడికిన గుడ్డు, వేరుశనగ చెక్క, ఉప్పు లేని ఎండు చేపల పొడి పెట్టండి. ఈకలో ఎక్కువ భాగం మాంసకృత్తే కదా. చెక్కకు బూజు పట్టి ఉంటే పారేయండి, అందులోని విషం కాలేయాన్ని తినేస్తుంది. పొదుగుడు కోడికి పొట్ట కింద ఊడితే అది గుడ్లకు వేడి తగలాలని. తోక మొదట్లో రక్తం కనబడితే పక్క కోళ్లు పొడుస్తున్నాయి. దాన్ని ఆ క్షణమే వేరు చేయండి, ఎరుపు చూసిన కోళ్లు ఆగవు.

ప్రశ్న: గొంతు కింది సంచి రాయిలా ఉంది. తలకిందులు చేసి కక్కించమంటారా? (పాఠకుడు, తెనాలి)

వద్దు. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడికక్కడే చస్తుంది. ఉదయం మేతకు ముందు తడిమి చూడండి, ఖాళీగా ఉండాలి. ఉండకపోతే ఆ రోజు గింజలు మాని నీళ్లు మాత్రం పెట్టండి. అయిదు మి.లీ. కొబ్బరి నూనె ముక్కు పక్కనుంచి చుక్క చుక్కగా వేసి, రోజుకు నాలుగుసార్లు అయిదేసి నిమిషాలు కింది నుంచి పైకి మెల్లగా పిసకండి. రెండో రోజుకూ మెత్తబడకపోతే లోపల గోనెపట్టా దారమో పొడవు గడ్డో ఉండచుట్టుకుని ఉంటుంది. కోసి తీయించాలి.

ప్రశ్న: నిన్న రాత్రి రెండు, ఇవాళ ఒకటి చనిపోయాయి. ఆకుపచ్చ రెట్ట, మెడ తిప్పుకుంటున్నాయి. పసుపు నీళ్లు పడుతున్నాం. (పాఠకుడు, జనగామ)

పసుపు నీళ్లతో ఆగేది కాదిది. కొక్కెర తెగులు కావచ్చు, బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు. చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు, పరీక్ష చేయాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఎలా వచ్చిందో చూశాం. చచ్చినవాటిని ఒట్టి చేతులతో తాకకండి, కోయకండి, అమ్మకండి, బయట పారేయకండి. మిగతావాటిని గూట్లోనే ఉంచి మండల పశువైద్యశాలకు, లేదా 1962కు వెంటనే ఫోన్ చేయండి. రెండు రాష్ట్రాల్లోనూ అదే నంబరు.

ప్రశ్న: మందులు వాడినప్పుడు గుడ్లు తినొచ్చా? కనీసం ఉడకబెట్టి కుక్కకైనా పెట్టొచ్చా? (పాఠకురాలు, విజయనగరం)

వాజలిన్, పసుపు, ఉప్పునీళ్లయితే నిరభ్యంతరంగా తినండి. పొడి మందు చల్లితే డబ్బా మీద రాసిన గడువు దాకా ఆగండి. ఐవర్‌మెక్టిన్, యాంటీబయాటిక్ ఇస్తే ఎన్నాళ్లు ఆపాలో డాక్టరుతో చీటీ మీద రాయించుకోండి, మాటమీద వదలొద్దు. ఉడకబెట్టినంత మాత్రాన మందు పోదు, కాబట్టి కుక్కకూ వద్దు, తిరిగి కోళ్లకూ వద్దు. ఆ రోజుల గుడ్లు పగలగొట్టి గుంట తీసి పూడ్చేయండి.